పెరటి హరితగృహానికి రెండు వేసవులు

పెరట్లో అర గుంట స్థలంలో, అంటే సుమారు 50 చదరపు మీటర్లలో, జీఐ పైపులతోనో వెదురుతోనో చట్రం నిలబెట్టి, పైన పాలిథీన్ పరచి కూరగాయలు పండించాలన్న ఆసక్తి ఇటీవల పట్టణ శివార్లలోనే గాక కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి చోట్ల కూడా కనిపిస్తున్నది. పోషకాహార దృష్టితోను, మహిళా సంఘాల అదనపు ఆదాయం దృష్టితోను ఇది ఆహ్వానించదగినదే. అయితే ఇటువంటి నిర్మాణాల్లో చాలా వాటికి ఆయుష్షు ఒక్క వేసవి మాత్రమే. మార్చిలో కళకళలాడిన మొక్కలు ఏప్రిల్ చివరికి మాడిపోతాయి, మేలో గాలిదుమారానికి పాలిథీన్ చిరుగుతుంది, జూన్ తరువాత మిగిలిన చట్రం బట్టలు ఆరవేసుకునేందుకు పనికివస్తుంది. ఈ వైఫల్యానికి రైతు అశ్రద్ధను కారణంగా చూపడం సులభమే. కాని అసలు లోపం సలహాలోనే ఉన్నది.

హరితగృహాన్ని చల్లగా ఉంచడంపై లభించే సాహిత్యం చాలావరకు వేడిని, తేమను ఒకే గాటన కట్టి 'వేడి, తేమతో కూడిన వేసవి' అని ఒక కాలాన్ని ఊహిస్తుంది. ఉత్తర తెలంగాణలో అటువంటి కాలం ఒకటి కాదు, రెండున్నాయి. అవి ఒకదానికొకటి పూర్తిగా భిన్నమైనవి. మార్చి మధ్య నుంచి జూన్ తొలివారం వరకు ఉండేది పొడి వేసవి. మధ్యాహ్న ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, గాలిలో తేమ 20, 25 శాతానికి దిగిపోతుంది, పడమటి దిక్కు నుంచి వడగాలి వీస్తుంది. నైరుతి రుతుపవనాలు ప్రవేశించిన తరువాత వానకూ వానకూ నడుమ వచ్చేది రెండో వేసవి. పంచాంగం దానిని వేసవి అనదు. జనం మాత్రం 'ఉక్కపోత' అని సరిగ్గానే పేరు పెట్టారు. ఉష్ణోగ్రత 32, 34 డిగ్రీలే, కాని తేమ 75 శాతాన్ని మించుతుంది, గాలి స్తంభిస్తుంది. మొదటి వేసవికి పనికివచ్చే మందు రెండో వేసవిలో విషమవుతుంది. ఈ ఒక్క విషయం విస్తరణ కరపత్రాల్లో స్పష్టంగా ఉంటే పెరటి నిర్మాణాల్లో సగం నిలబడేవి.

నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరచే పద్ధతిని ఉదాహరణగా తీసుకోవచ్చు. తడి మెత్తలు, పంకాలు, పొగమంచు చల్లే ఫాగర్లు, గోనెసంచులను తడిపి వేలాడదీయడం, పాతకాలపు వట్టివేరు తడికలు, అన్నింటి సూత్రం ఒక్కటే. గాలిని ఎంత చల్లబరచినా తడిబల్బు ఉష్ణోగ్రత కంటే కిందికి దించడం వీటివల్ల కాదు. మే మధ్యాహ్నం 42 డిగ్రీల వద్ద తేమ 25 శాతం ఉంటే తడిబల్బు ఉష్ణోగ్రత సుమారు 26 డిగ్రీలు. 80 శాతం సామర్థ్యంతో పనిచేసే తడి మెత్త గుండా వచ్చే గాలి సుమారు 29 డిగ్రీలకు చేరుతుంది. పదమూడు డిగ్రీల తగ్గుదల అంటే అద్భుతమే. అదే పరికరాన్ని ఆగస్టులో 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్నప్పుడు నడిపితే? తడిబల్బు ఉష్ణోగ్రత అప్పటికే 29 డిగ్రీలు. కాబట్టి గాలి 30 డిగ్రీల దగ్గర ఆగుతుంది. లాభం మూడు డిగ్రీలు. దానికి మూల్యంగా లోపలి తేమ 90 శాతం దాటుతుంది. ఆకుల నుంచి నీరు ఆవిరి కాదు, పోషకాలు పైకి రావు, ఆకులపై నీటి పొర ఆరదు, బూజు తెగుళ్లకు, నారుకుళ్లుకు తలుపులు తెరిచినట్లవుతుంది.

ఆవిరి పీడన లోటు పరంగా చెబితే విద్యార్థులకు ఇది మరింత తేటపడుతుంది. పై మే మధ్యాహ్నం లోటు 6 కిలోపాస్కల్ పైబడి ఉంటుంది. మొక్క తన పత్రరంధ్రాలను మూసుకోక తప్పదు. పై ఆగస్టు మధ్యాహ్నం బయటి గాలిలో లోటు 1.25 కిలోపాస్కల్. కూరగాయ మొక్కలకు సౌకర్యంగా ఉండే స్థాయికి ఇది దాదాపు సరిపోతుంది. అంటే రెండో వేసవిలో బయటి గాలి మంచిదే. దానిని లోపలికి రానివ్వకపోవడమే తప్పు. ఫాగర్లు నడిపినప్పుడు ఆ లోటు 0.3 కిలోపాస్కల్ కంటే తక్కువకు పడిపోతుంది. చల్లబరుస్తున్నామనుకుంటూ మొక్కను ఉక్కిరిబిక్కిరి చేయడమే ఇది.

హరితగృహం ఎందుకు వేడెక్కుతుందన్న ప్రశ్నకు కూడా తరగతి గదుల్లో ఇప్పటికీ సగం సమాధానమే వినిపిస్తుంది. గాజు లేదా పాలిథీన్ లోనికి వచ్చిన ఎండను వెనక్కి పోనివ్వక పరారుణ కిరణాలను బంధిస్తుందన్నది ఆ సమాధానం. 1909లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ రెండు పెట్టెలతో ఒక చిన్న ప్రయోగం చేశాడు. ఒకదానికి గాజు పలక మూత, మరొకదానికి పరారుణాన్ని స్వేచ్ఛగా వదిలే రాతి ఉప్పు పలక మూత. ఎండలో రెండు పెట్టెలూ దాదాపు సమానంగానే, 55 డిగ్రీల వరకు వేడెక్కాయి. వేడెక్కిన గాలి పైకి లేచిపోకుండా నిలిచిపోవడమే ప్రధాన కారణమని ఆయన తేల్చాడు. నూరేళ్లు దాటిన ఈ ప్రయోగం పెరటి రైతుకు సూటిగా పనికివస్తుంది. వేడి గాలి పోయే దారి ఇస్తే చాలు, వ్యాధిలో అధికభాగం నయమవుతుంది. ఆ దారి పైన ఉండాలి.

పెరటి నిర్మాణానికి ఉన్న ఇబ్బంది సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. పొలంలో కట్టిన పాలీహౌస్ ఐదారు మీటర్ల ఎత్తు ఉంటుంది, నాలుగు దిక్కులా గాలి తగులుతుంది. పెరట్లోది రెండు మీటర్ల ఎత్తు దాటదు. ఒక పక్క ప్రహరీ గోడ, మరో పక్క రేకుల షెడ్డు, వెనుక పశువుల కొట్టం. కింది తెరపుకూ పై తెరపుకూ నడుమ ఎత్తు ఎంత ఎక్కువైతే వేడి గాలి అంత వేగంగా పైకి తన్నుకుపోతుంది. పొట్టి నిర్మాణంలో ఆ లాగుడు బలహీనం. పైగా లోపలి గాలి పరిమాణం తక్కువ కాబట్టి పావుగంట ఎండకే కాగిపోతుంది. పెద్ద పాలీహౌస్ నమూనాను చిన్నదిగా చేసి పెరట్లో పెట్టడం ఎందుకు విఫలమవుతుందో దీనినిబట్టి గ్రహించవచ్చు. నిర్మాణం చిన్నదయ్యేకొద్దీ తెరపుల నిష్పత్తి పెరగాలి, తగ్గకూడదు.

గాలి తెరపులు నేల వైశాల్యంలో 15 నుంచి 25 శాతం ఉండాలన్నది సమశీతల దేశాల లెక్క. ఎల్లారెడ్డి పెరటికి అది చాలదు. ఐదు మీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవు ఉన్న నిర్మాణంలో రెండు పొడవైన పక్కల పాలిథీన్‌ను రెండు మీటర్ల మేర చుట్టి పైకెత్తగలిగితే 40 చదరపు మీటర్ల తెరపు దొరుకుతుంది. నేల వైశాల్యంలో 80 శాతం. దానికి తోడు వెన్ను పొడవునా రెండు మూడు అడుగుల వెడల్పున వాన పడని విధంగా ఒక కప్పు మీద మరో కప్పు ఎక్కినట్లు తెరపు వదలాలి. ఇందుకు మోటారు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. చట్రం ఎత్తును రెండు నుంచి మూడు, మూడున్నర మీటర్లకు పెంచితే అయ్యే అదనపు ఖర్చు ఒక పంకా, దాని మెత్త, పంపు, వాటికి ఇంటి మీటరుపై పడే బిల్లు కలిపిన దానికంటే తక్కువే. ఎత్తు పెంచినప్పుడు గాలిదుమారానికి తట్టుకునేట్లు కాళ్లను కాంక్రీటులో పాతడం మాత్రం మరవరాదు. 2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈదురుగాలులు, వడగండ్లు తెలంగాణలో పలు జిల్లాల పంటలను ఏ విధంగా దెబ్బతీశాయో గుర్తున్నవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు.

కీటక నిరోధక వల విషయంలో ఒక చిక్కుంది. తెల్లదోమను ఆపే 40 మెష్ వల గాలిని కూడా గణనీయంగా ఆపుతుంది. అన్ని పక్కలా వల బిగించి, తెరపు ఉన్నది కదా అనుకోవడం ఆత్మవంచన. వైరస్ భయం ఉన్న టమాట, మిరప నారు పెంచే భాగానికే వల కట్టి, అక్కడ ఒక కిటికీ మేరకు గాక పక్క మొత్తానికి వల పరచడం మేలు. తోటకూర, పాలకూర, గోంగూర, కొత్తిమీర ఉన్న భాగానికి అంత సన్నని వల అవసరం లేదు.

నీడ గురించి కొంత విపులంగా చెప్పుకోవాలి. కామారెడ్డి 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నది. మే రెండో వారం చివరలో మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జూలై నెలాఖరులో మళ్లీ వస్తాడు. ఆ రోజుల్లో నిలువు కర్రకు నీడ ఉండదు. కాబట్టి మధ్యాహ్నపు భారమంతా కప్పు మీదనే, సాయంత్రపు భారం పడమటి పక్క మీద. దక్షిణపు గోడకు తెరలు కట్టమని చెప్పే విదేశీ పుస్తకాల సలహా ఈ నెలల్లో ఇక్కడ వర్తించదు. కప్పు మీద షేడ్‌నెట్ వేయాలి, అదీ పాలిథీన్‌కు అంటకుండా ఒకటిన్నర అడుగు ఎడంగా, బయటి వైపున. లోపల కట్టిన నల్లటి వల ఎండను మింగి ఆ వేడిని లోపలి గాలికే పంచుతుంది. మొక్కకు నీడ దొరుకుతుంది గాని గది చల్లబడదు. బజారులో సులభంగా దొరికేది ఆకుపచ్చ లేదా నల్లటి 50 శాతం వల. తెల్లది దొరికితే అదే మేలు. ఎండను మింగే దానికంటే తిప్పికొట్టేది నయం కదా. పడమటి పక్కకు మాత్రం వల కంటే పందిరే శ్రేష్ఠం. బీర, సొర, చిక్కుడు పాదులను ఆ వైపు ఎక్కిస్తే నీడతో పాటు కాయ కూడా దక్కుతుంది. పెరటి పందిరి తెలంగాణ ఇళ్లకు కొత్త కాదు. హరితగృహం వచ్చిందని దానిని పీకివేసిన ఇళ్లు మాత్రం విచారించవలసి ఉంటుంది.

షేడ్‌నెట్ కొనలేనివారికి సుద్దనీళ్ల పూత ఉన్నది. స్పెయిన్‌లోని అల్మెరియా తీరంలో వేల హెక్టార్లలో పరచుకున్న ప్లాస్టిక్ గృహాల రైతులు వేసవికి ముందు కప్పుల మీద కాల్షియం కార్బొనేట్ పూత చల్లుతారు. ఆ తెల్లదనానికి అక్కడి ప్రాంతపు ఉపరితల గాలి ఉష్ణోగ్రత సైతం చుట్టుపక్కల ప్రాంతాలకు భిన్నంగా తగ్గుముఖం పట్టినట్లు 2008లో ప్రచురితమైన అధ్యయనం ఒకటి చూపింది. కామారెడ్డిలో ఈ పూతకు మరొక సుగుణం ఉన్నది. మార్చి చివర వేసిన పూతను జూన్ వానలు వాటంతట అవే కడిగివేస్తాయి. మబ్బుపట్టి వెలుతురు తగ్గే కాలానికి కప్పు తిరిగి తేటపడుతుంది. షేడ్‌నెట్ అలా పోదు, తీయాలి. ఎండాకాలంలో వేసిన వలను వానాకాలమంతా అలాగే వదిలేసి, మొక్కలు సన్నగా సాగి పూత రావడం లేదని వాపోవడం తరచుగా జరిగేదే.

నీటి లెక్క చూడకుండా చల్లదనం గురించి మాట్లాడడం సరికాదు. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2.4 మెగాజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. అర గుంట నిర్మాణంలోకి మే మధ్యాహ్నం చదరపు మీటరుకు 800 వాట్ల ఎండ ప్రవేశిస్తుందనుకుంటే మొత్తం 40 కిలోవాట్లు. దానినంతటినీ నీటితోనే తొలగించాలంటే గంటకు దాదాపు 60 లీటర్లు, ఐదు గంటలకు 300 లీటర్లు కావాలి. మిషన్ భగీరథ గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అన్న ప్రమాణంతో రూపొందింది. అంటే ముగ్గురు మనుషుల నీటిని హరితగృహం రోజూ తాగుతుంది. రాతి నేలల్లో బోర్లు అడుగంటే నెలలో ఏ ఇల్లాలూ దీనికి ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. నీళ్లు పట్టే పని, మొక్కల పని రెండూ ఆమె మీదనే పడే ఇళ్లలో ఈ 300 లీటర్లు సాంకేతిక వివరం కాదు. పైగా బోరు నీటిలోని లవణాలు ఫాగర్ల సన్నని రంధ్రాలను కొద్ది వారాల్లోనే పూడ్చివేస్తాయి.

అదే నీటిని మొక్క చేత ఆవిరి చేయించడం తెలివైన పని. నేలంతా కప్పేటట్లు ఆకు పరచుకొని, వేళ్లకు నీరందిన పంట తన మీద పడిన ఎండలో సగానికి పైగా బాష్పోత్సేకం ద్వారానే వదిలించుకుంటుంది. పంటతో నిండిన హరితగృహం ఖాళీ హరితగృహం కంటే ఎప్పుడూ చల్లనే. అందువల్ల అత్యంత ప్రమాదకర దశ ఎదిగిన పంటది కాదు, నారుది. ఆకులు చిన్నవి, నేల బోసిది, దొడ్డి సిమెంటు గచ్చు అయితే మరీ కష్టం. నారు ట్రేల కింద తడిపిన మట్టి లేదా చెరకు ఆకుల పరుపు వేయడం, నీటిని తెల్లవారుజామున ఇవ్వడం, మిద్దె మీది నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులో కాగిన నీటిని మధ్యాహ్నం నారుపై పోయకపోవడం చిన్న సంగతులుగా కనిపిస్తాయి. నారు బతకడం వీటి మీదనే ఆధారపడుతుంది.

ఇంత చేసినా మేలో టమాట కాయదు. ఈ మాటను రైతుకు ముందే చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత. టమాటలో కాయ నిలవడానికి పగటి ఉష్ణోగ్రత ఎంత ముఖ్యమో రాత్రి ఉష్ణోగ్రత అంతకంటే ముఖ్యం. రాత్రులు 22, 23 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పూత రాలుతుంది. మే నెలలో ఇక్కడి రాత్రులు 26 డిగ్రీలకు కిందికి రావడమే అరుదు. పగటి నీడ, గాలి తెరపులు ఈ లోటును తీర్చలేవు. రాత్రంతా పంకాలు నడిపి కాయించిన టమాట ధర కామారెడ్డి మార్కెట్లో ఎవరూ చెల్లించలేరు. వేసవిలో టమాట ప్రియమవుతుంది గనుక పెరటి హరితగృహంలో పండించి లాభపడవచ్చన్న ప్రచారం ఈ జీవశాస్త్ర సత్యాన్ని దాటవేస్తుంది.

మరి ఆ రెండు నెలలు నిర్మాణం దేనికి? సగభాగంలో నీడ కింద కొత్తిమీర, పాలకూర, తోటకూర. మే రెండో పక్షం నుంచి వానాకాలపు టమాట, మిరప, వంగ నారు. మిగిలిన సగభాగంలో వేడిని చల్లార్చే ప్రయత్నమే మానుకొని దానిని వాడుకోవాలి. నేలను లోతుగా తడిపి, పలుచని పారదర్శక పాలిథీన్ కప్పి అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే ఎండ వేడికి వేరుబుడిపె నులిపురుగులు, నేలలోని శిలీంధ్రాలు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. ఏటా ఒకే మట్టిలో కూరగాయలు వేసే పెరట్లో నులిపురుగు ఎంతటి శత్రువో అనుభవజ్ఞులకు తెలుసు. అల్మెరియా రైతులు కూడా నడివేసవిలో తమ గృహాలను ఖాళీ చేసి నేలను ఈ విధంగానే కాల్చుకుంటారు. అంతటి ప్లాస్టిక్ సేద్యపు రాజధానిలోనే జూలై, ఆగస్టు నెలల్లో పంటను ఆపుతుండగా, 42 డిగ్రీల్లో కామారెడ్డి గృహిణి ఆపకూడదని పట్టుబట్టడం ఎందుకు?

దీనిపై ఒక ఆక్షేపణ రావచ్చు. పంకా, తడి మెత్తల గృహాలు రాష్ట్రంలో విజయవంతంగా నడుస్తున్నాయి కదా అన్నది అది. నిజమే. రాష్ట్ర ఏర్పాటు తరువాత తొలి సంవత్సరాల్లో 75 శాతం వరకు రాయితీతో పాలీహౌస్ సేద్యానికి ప్రోత్సాహం లభించింది. క్యాప్సికం, జెర్బెరా వంటి ఖరీదైన పంటలు హైదరాబాద్ మార్కెట్‌ను ఆశ్రయించి సాగాయి. ఎకరం విస్తీర్ణం, నిపుణుడైన యజమాని, చేరువలో నగరం ఉన్నచోట ఆ లెక్క కుదరవచ్చు. పెరటికి ఆ మూడూ లేవు. ఆ నమూనాల మూలం కూడా గమనించదగినది. ఒకటి నెదర్లాండ్స్ నుంచి వచ్చింది, అక్కడి సమస్య చలి. మరొకటి ఇజ్రాయెల్ నుంచి వచ్చింది, అక్కడి వేసవి చాలాచోట్ల పొడి. ఉక్కపోతకు ఆ రెండు దేశాల్లోనూ పూర్తి సమాధానం వెతకడం వృథా. దానికి కేరళ దగ్గర. అక్కడి పెరళ్లలో ప్రచారంలో ఉన్న వానమరుగు నిర్మాణానికి పైన పాలిథీన్ కప్పు తప్ప పక్కలు ఉండవు. వాన మొక్కను కొట్టదు, గాలి ఆగదు. వానాకాలంలో కొత్తిమీర కుళ్లి ధర పెరిగే కామారెడ్డి, ఎల్లారెడ్డి మార్కెట్లకు ఇదే నిజమైన అవకాశం. పెరటి హరితగృహం సంపాదించవలసింది మేలో కాదు, జూలై నుంచి అక్టోబరు వరకు. 2025 ఆగస్టు చివర ఈ జిల్లాను ముంచెత్తిన అతివర్షం చూసిన తరువాత, లోపలి మళ్లను నేల మట్టం కంటే అడుగు ఎత్తున కట్టాలని, చుట్టూ నీరు పోయే కాలువ తీయాలని వేరుగా వాదించనక్కరలేదు.

కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య తేడా కూడా పరిశీలించదగినది. కామారెడ్డి చుట్టూ బోర్ల మీద ఆధారపడిన మెట్ట ఎక్కువ. ఎల్లారెడ్డి వైపు నిజాం కాలపు పోచారం ప్రాజెక్టు కింద వరి మళ్లు. నీరు నిలిచిన వరి పొలాల నడుమ ఉన్న పెరట్లో ఆగస్టు, సెప్టెంబరు నెలల తేమ పట్టణపు పెరట్లోని దానికి సమానంగా ఉండనవసరం లేదు. ఒకే జిల్లాకు ఒకే కరపత్రం అచ్చువేసేముందు ఈ రెండు చోట్లా పొడిబల్బు, తడిబల్బు ఉష్ణమాపకాలను హరితగృహం లోపలా బయటా వేలాడదీసి ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు రాసుకోవాలి. ఖరీదైన పరికరాలు అవసరం లేదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం కింద పల్లెల్లో ఉండే నాలుగో సంవత్సరపు విద్యార్థులు వానాకాలంలో, సరిగ్గా రెండో వేసవి నడిచే రోజుల్లో, అక్కడే ఉంటారు. రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట నుంచి ఒక్క సీజను పాటు నాలుగైదు పెరళ్లను ఎంచుకొని, పక్కలు మూసినవి కొన్ని, ఎత్తినవి కొన్ని, వల ఉన్నవి కొన్ని పోల్చి చూస్తే చాలు. తడిబల్బు రీడింగు 28 డిగ్రీలు దాటిన రోజున ఫాగరును కట్టివేసి పక్కల పాలిథీన్ పైకెత్తాలన్న ఒక్క వాక్యాన్ని పెరటి గోడ మీద రాయించగలిగేది ఆ అంకెలే.